రసాలు తినవచ్చా, డాక్టరు గారూ?

వేసవి వచ్చిందంటే కంకిపాడులో మా ఓ.పి.కి వచ్చే చక్కెర జబ్బువారందరిదీ ఇదే ప్రశ్న. మనది వరి పండే నేల. మామిడి మాత్రం నూజివీడు, ఆగిరిపల్లి తోటల నుంచి వచ్చి మన బజారులో గుట్టలుగా పడుతుంది. ఆ వాసనకు ముక్కు మూసుకుని వెళ్ళిపొమ్మని చెప్పడానికి నాకూ మనసొప్పదు.

ఒక మే నెలలో ఓ పెద్దాయనను కోడలు ఆటోలో తీసుకొచ్చింది. నోరు ఎండిపోయి మాట తడబడుతోంది. షుగరు 560. "మామయ్యగారు ఎక్కువేం తినలేదండీ, పూటకు రెండు రసాలే" అందామె. అవి పెద్ద రసాలు! పైగా ఎండల్లో మాత్ర వేడి చేస్తుందని ఎవరో చెబితే దాన్నీ మానేశారు. వారం రోజులు సెలైను, ఇన్సులిన్ పెడితే గాని మనిషి తేరుకోలేదు.

రసాలతో వచ్చే చిక్కు ఇదే. పిసికి జుర్రుకునే పండుకు లెక్క ఉండదు. బంగినపల్లి అయితే కోసి ముక్కలు చేస్తాం కనుక ఎంత తిన్నదీ కంటికి కనబడుతుంది. వంద గ్రాముల గుజ్జులో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం చక్కెరే. జబ్బు అదుపులో ఉన్నవారు రెండు మూడు ముక్కలు తినవచ్చు. అయితే అన్నం తిన్న తరువాత కాదు, ఆ మేరకు అన్నం తగ్గించుకుని తినాలి. మామిడి రసం తీసి పంచదార కలుపుకోవడం మాత్రం వద్దు. మూత్రపిండాల జబ్బున్నవారు తమ డాక్టరును అడగందే ముట్టవద్దు.

"కలెక్టరు కాయ చప్పగా, పుల్లగా ఉంటుంది గదా, అది తింటాం" అంటారు కొందరు. పులుపు ఉన్నంత మాత్రాన చక్కెర లేదని కాదు. పచ్చికాయలో ఉండే పిండి మాగేకొద్దీ చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది. పుల్లమామిడి పప్పుకు నా అభ్యంతరం లేదు. అదే చిన్న రసాల కాయ ఆవకాయగా మారితే తగాదా చక్కెరతో కాదు, ఉప్పుతో. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు. రక్తపోటు ఉన్నవారు పెద్ద ముద్దకు ఎర్రగా కలుపుకుంటే ఇక మా మాత్రలేం చేస్తాయి?

కార్బైడుతో మగ్గించడం చట్టరీత్యా నిషిద్ధం. అందులో ఆర్సెనిక్ వంటి విషాలు కలిసి ఉండవచ్చు. వీలైతే ముదురు కాయలు కొని ఇంట్లోనే గడ్డిలో మగ్గవేసుకోండి. తొడిమ కోసి, సొన కారిపోయేలా కడగండి. పిల్లల మూతి చుట్టూ పొక్కులు లేచేది చాలాసార్లు ఈ సొన వల్లనే, "వేడి" వల్ల కాదు.

ఆ పెద్దాయన ఇప్పుడు మాత్ర మానడం లేదు. సాయంత్రం నాలుగు గంటలకు బంగినపల్లి రెండు ముక్కలు, ఆ రాత్రి ఒక గరిటె అన్నం తక్కువ. టెంక మాత్రం తనకే కావాలని మనవడితో పేచీ పెడుతుంటారట.