మీకు తెలుసా? కలకత్తా పారిపోయిన జంట, ముదునూరులో నిలిచిన ఇల్లు

స్వీడన్ దర్శకుడు లూకాస్ మూడిసన్ 2000లో ‘తిల్సామన్స్’ అనే సినిమా తీశాడు. ఆ మాటకు ‘కలిసి’ అని అర్థం. కథ 1975 నాటి స్టాక్‌హోమ్‌లో జరుగుతుంది. మొగుడు కొట్టాడని ఓ ఇల్లాలు పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని తోడబుట్టినవాడి దగ్గరికి వస్తుంది. ఆ ఇంట్లో ఉన్నవాళ్లంతా లోకం పెట్టిన కట్టుబాట్లు తమకు వద్దని ఒకచోట చేరి బతుకుతున్నవాళ్లే.

కట్టుబాటు దాటినవాళ్ల కథను మనవాళ్లు 1938లోనే తెరకెక్కించారు. అదే ‘మాలపిల్ల’. దర్శకుడు కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన గూడవల్లి రామబ్రహ్మం. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. పెట్టుబడి దివిసీమ నుంచే వచ్చింది. సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. ఆ మరుసటి ఏడే అదే రాజా డబ్బుతో, జమీందార్ల దౌర్జన్యం మీదే ‘రైతుబిడ్డ’ వచ్చింది. తోటి జమీందార్లు భగ్గుమన్నారు, చిత్రంపై నిషేధం కూడా పడింది. మన తోట్లవల్లూరు కూడా బొమ్మదేవర వారి జమీందారీగా పేరున్న ఊరే కదా! ఒక జమీందారు తన వర్గానికే ఎదురుతిరిగే కథకు డబ్బు పెట్టడం ఎంత సాహసమో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

‘మాలపిల్ల’లో కాంచనమాలది హరిజన యువతి పాత్ర. గుడి ధర్మకర్త శాస్త్రి గారి కొడుకు ఆమెను ప్రేమిస్తాడు. ఊళ్లో నిలవలేక ఆ జంట కలకత్తా పారిపోతుంది. చివరికి శాస్త్రి గారి మనసు మారుతుంది. కానీ అంతదాకా వాళ్లకు సొంత ఊళ్లో చోటు లేదు. నన్ను ఎప్పుడూ పట్టి ఆపేది ఈ కలకత్తా ప్రయాణమే.

ఎందుకంటే, రెండేళ్లు తిరక్కుండానే, ఊరు వదలకుండానే కట్టుబాట్లు దాటి బతికి చూపించిన ఇల్లొకటి మన ఉయ్యూరు దగ్గర ముదునూరులో వెలిసింది. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు కాకినాడలో, తర్వాత బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పారు. నాస్తికుడైనందుకు ఆ కొలువులు వదులుకోవాల్సి వచ్చింది. అంతకు ముందే జంధ్యం తీసేసి తండ్రి ఇల్లు విడవాల్సి వచ్చిన మనిషాయన. 1940 ఆగస్టులో, ఆయన, సరస్వతి గోరా కలిసి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అన్ని కులాలవాళ్లూ ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తిన్నారు. పిల్లల పేర్లలోనూ దేవుళ్లు లేరు. ఉప్పు సత్యాగ్రహం నాటి బిడ్డ లవణం, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కాలంలో పుట్టినవాడు సమరం, తొమ్మిదో సంతానం ‘నౌ’. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

గోరా పెద్దకూతురు మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు సేవాగ్రామ్‌లో తానే పెళ్లి చేస్తానని గాంధీజీ ఒప్పుకున్నారు. గోరా పట్టుదల చూసి, ప్రమాణంలో ‘దేవుడి సాక్షిగా’ అనే మాట తీసి ‘సత్యం సాక్షిగా’ అని పెట్టడానికీ సరేనన్నారు. 1948 జనవరి 30న గాంధీజీ పోయారు. మార్చిలో, ఆయన లేని సేవాగ్రామ్‌లో, ఆ పెళ్లి జరిగింది.