తెరమీద తెర: కనుమరుగగు గుర్తులు

సెల్‌ఫోను తెర పై అంచున ఒక సన్నని పట్టీ ఉండును. గడియారము, సిగ్నలు గీతలు, బ్యాటరీ గుర్తు అందు కనిపించును. దీనిని స్టేటస్ బార్ అందురు. మామూలు దినములలో దానిని గమనించువారు తక్కువ. తుఫాను వచ్చి కరెంటు పోయిన రాత్రి నాగాయలంకలోనో, కోడూరులోనో ఉన్నవారికి మాత్రము ఆ గుర్తులే ముఖ్యము. బ్యాటరీ ఎంత మిగిలినదో, టవరు అందుచున్నదో లేదో తెలిసినగాని గుడివాడలోని బంధువులకు ఇప్పుడు ఫోను చేయవలెనో, ఆగవలెనో తేల్చుకొనలేరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమలో ఇది చిన్న విషయము కాదు.

అట్టి గుర్తులు కొన్ని యాప్‌లలో హఠాత్తుగా మాయమగుచుండును. నిజమునకు అవి పోవు, కనబడవు, అంతే.

ఫోను తెరపై మనము చూచు బొమ్మ ఒక్కటి కాదు. ఒకదానిపై నొకటి పేర్చిన గాజుపలకల వంటి పొరలు కలసి ఆ బొమ్మ యగును. యాప్ ఒక పొర. పట్టీ దానిపై మరొక పొర. పట్టీకి సాధారణముగా సొంత రంగు లేదు, క్రిందనున్న యాప్ రంగే దానిలోనుండి కనిపించును. కనుక గుర్తులను తెల్లగా గీయవలెనా, నల్లగా గీయవలెనా అన్నది యాప్ చెప్పవలసియున్నది. పెడన కలంకారీ పనివారికి ఈ చిక్కు క్రొత్త కాదు. ఇనుము, బెల్లము ఊరవేసి చేసిన నల్లరంగు తెల్లగుడ్డపై స్పష్టముగా కనిపించును. ముదురు నీలిగుడ్డపై ఆనదు.

ఐఫోనులో 2013లో వచ్చిన ఐఓఎస్ 7 నుండి ఈ జవాబు చెప్పు పని యాప్‌లోని ఒక్కొక్క తెరకు అప్పగింపబడినది. యాప్ ఒక చిన్న సందేశమును చూపుటకై, తెరనంతను కప్పు పారదర్శకమైన ఓవర్లే విండోను పైన పరచినదనుకొందము. ఫోను ఇప్పుడు క్రింది తెరను కాక, పైనున్న దానిని అడుగును. దానిని తయారుచేసినవారు జవాబు వ్రాయకున్నచో మామూలు జవాబే వచ్చును. లేతరంగుల అమరికలో అది నలుపు. క్రింది యాప్ ముదురు నీలమైనచో గుర్తులు అందు కలిసిపోవును. ఓవర్లే కంటికి కనబడదు గనుక దానిని ఎవరును అనుమానింపరు, ఫోను చెడినదనుకొందురు!

విరుగుడు కష్టమైనది కాదు. ఓవర్లే తన మాట చెప్పక, క్రింది తెరను అడిగి ఆ జవాబునే అందజేయవలెను. పని తీరగానే తొలగిపోవలెను. క్రింది తెర మారినపుడు మరల అడుగుమని ఫోనుకు తెలుపవలెను. ఈ మూడవదానిని మరచువారే ఎక్కువ.

ఆండ్రాయిడ్ ఫోనులలో 2017లో వచ్చిన 8వ రూపము మరియొక కట్టుబాటు తెచ్చినది. యాప్‌లు పరచు ఓవర్లేలు ఇతర యాప్‌లపై నిలువవచ్చును గాని, స్టేటస్ బారుకు క్రిందనే ఉండవలెను. అంతకు పూర్వము కొన్ని రకముల విండోలు పట్టీమీదికి కూడ రాగలిగెడివి.

తరగతిలో దీనిని చూపుటకు ఫోను అక్కరలేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితముపై నల్లసిరాతో బ్యాటరీ గుర్తు గీసి, మొదట తెల్లకాగితముపైనను, పిదప ముదురు నీలి అట్టపైనను ఉంచి, వెనుక బల్లలోని విద్యార్థులను ఏమి కనబడుచున్నదో చెప్పుమనిన చాలును.