నట్టు ఊడినా రాని జాయింటు

చిన్న ట్రాక్టరు ముందు చక్రాలను తిప్పే టై రాడ్ చివర బాల్ జాయింటు ఉంటుంది. అది అరిగితే మార్చడం తేలికే అనిపిస్తుంది: నట్టు వదులవకుండా ఆపే స్ప్లిట్ పిన్ లాగి, నట్టు విప్పితే ఊడి రావాలి. కానీ ఏళ్ల తరబడి దమ్ములో తిరిగిన బండిలో నట్టు చేతికొచ్చినా జాయింటు స్టీరింగ్ ఆర్మ్‌ను వదలదు.

దాన్ని పట్టి ఉంచుతున్నది ఆకారం. జాయింటు కాడ మర వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది, ఆర్మ్ కన్నం లోపలా అదే వాలు. 8 మి.మీ. పొడవుకు వ్యాసం 1 మి.మీ. తగ్గే కాడలో ఒక్కో పక్క వాలు సుమారు మూడున్నర డిగ్రీలు. జిడ్డు అంటిన ఉక్కు మీద ఉక్కు తనంతట జారాలన్నా దాదాపు 8 డిగ్రీలు కావాలి. అందుకే నట్టు లాగి బిగించిన కాడ, నట్టు తీసేశాకా అలాగే ఉంటుంది. 1864లో స్టీఫెన్ మోర్స్ అనే అమెరికన్ డ్రిల్ బిట్లను యంత్రంలో నిలపడానికి వాడుకున్నదీ ఈ గుణాన్నే. దానికి తోడు తుప్పు వచ్చి చేరుతుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. సందులో అంత చోటు లేదు కనుక రెండు లోహాలనూ ఒత్తిపట్టి కూర్చుంటుంది.

ఇది తెలిస్తే దెబ్బ ఎక్కడ వేయాలో తెలుస్తుంది. చాలామంది కాడ కొన మీద కొడతారు. మర చితికిపోతుంది, జాయింటు మాత్రం కదలదు. కొట్టాల్సింది ఆర్మ్ కన్నం చుట్టూ ఉన్న లోహాన్ని, పక్క నుంచి. అవతలి వైపు బరువైన సుత్తి ఆనించి ఇవతల గట్టిగా ఒక దెబ్బ వేస్తే గుండ్రటి కన్నం క్షణంపాటు కోలగా సాగి, కాడ మీద పట్టు తప్పుతుంది. కాడను ఊడదీసే పనిముట్టు పుల్లర్‌ను ముందే బిగించి ఉంటే ఆ క్షణంలోనే కాడ టప్పున ఊడుతుంది. నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని మరలు పట్టి ఉంచితే జాయింటు ఎగిరి మీద పడదు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచడం మంచిది. సన్నటి సందులోకి అది తనంతట పాకుతుంది, కానీ అందుకు సమయం పడుతుంది.

వేడి చేయడం ఆఖరి మార్గం. 20 మి.మీ. కన్నాన్ని 200 డిగ్రీలు వేడెక్కిస్తే పెరిగేది 0.05 మి.మీ. మాత్రమే, అయినా తుప్పు పగలడానికి అది చాలు. ఎర్రగా కాల్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. వేడి చికిత్సతో ఆర్మ్ ఉక్కుకు వచ్చిన బలం పోతుంది. బండిని మలుపు తిప్పే భాగం అది, దాని మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉంది. మూసి ఉన్న జాయింటులో గ్రీజు మరిగితే పేలే ప్రమాదమూ ఉంది.

టై రాడ్ నుంచి జాయింటు విప్పేముందు బయట కనిపించే మరలు లెక్కపెట్టి రాసుకోవాలి, కొత్తదాన్నీ అంతే లోతుకు ఎక్కించాలి. చాలా బండ్లలో ఒక చివర ఎడమ మర ఉంటుంది, తెలియక బలంకొద్దీ తిప్పితే ఇంకా బిగుస్తుంది. కొత్తది బిగించేటప్పుడు కాడనూ కన్నాన్నీ శుభ్రంగా తుడిచి, స్ప్లిట్ పిన్ కొత్తదే వేయాలి.