వెల్డింగ్ సేఫ్టీ: పగలు పని.. రాత్రికి కళ్ల మంట! షాపుల్లో ఈ జాగ్రత్తలు మరవొద్దు

తిరువూరు: ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దున ఉన్న పట్టణం తిరువూరు. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి దీని మీదుగానే వెళ్తుంది. చుట్టుపక్కల మామిడి తోటలు, పొలాలు. ఇలాంటి ఊళ్లలో విరిగిన ట్రాక్టర్ ట్రాలీ డోర్ నుంచి ఇంటి గేటు దాకా ఏదైనా రోడ్డు పక్క వెల్డింగ్ షాపుకే రావాలి. అయితే ఈ పనిలో చాలా ప్రమాదాలు అప్పటికప్పుడు తెలియవు. షాపు కట్టేసి ఇంటికెళ్లాకే బయటపడతాయి. అవేంటో, ఎలా తప్పించుకోవాలో చూద్దాం.

హోల్డర్ షాక్ కొట్టదా?

"హోల్డర్‌లో ఉండేది తక్కువ వోల్టేజే, ఏం కాదు" అని చాలామంది ధీమా. కానీ అది సగమే నిజం. మెషీన్‌లోకి వచ్చే కరెంటు 230 లేదా 415 వోల్టులు. రాడ్ అంటించకముందు హోల్డర్ దగ్గర సాధారణంగా 50 నుంచి 80 వోల్టులు ఉంటాయి. ఆర్క్ మొదలయ్యాక అది 20-30 వోల్టులకు పడిపోతుంది. అంటే హోల్డర్‌లో వోల్టేజ్ ఎక్కువగా ఉండేది పని ఆపినప్పుడు, రాడ్ మార్చేటప్పుడే!

పొడి చర్మం కరెంటును కొంతవరకు ఆపుతుంది. మే నెల ఎండలో చెమటతో తడిసిన చేతులు ఆపలేవు. వానాకాలంలో తడి నేల మీద నిలబడితే ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే రాడ్ మార్చేటప్పుడు కూడా పొడి లెదర్ గ్లవ్స్ తీయకూడదు. కాళ్ల కింద పొడి చెక్కో, రబ్బరు షీటో ఉండాలి. హోల్డర్‌ను చంకలో పెట్టుకోవడం, వైరును ఒంటికి చుట్టుకోవడం అస్సలు వద్దు.

ఇంకో విషయం. మెషీన్ బాడీకి కరెంటు వస్తే ఈఎల్‌సీబీ ట్రిప్ అయి కాపాడుతుంది. కానీ హోల్డర్ నుంచి కొట్టే షాక్‌ను అది పసిగట్టలేదు. ఆ రెండు సర్క్యూట్లు వేర్వేరు మరి.

'ఎర్త్' అంటే ఏది?

షాపుల్లో 'ఎర్త్ వైరు' అని పిలిచేది నిజానికి కరెంటు మెషీన్‌కు తిరిగి వెళ్లే దారి. మెషీన్ బాడీకి ఇచ్చే అసలు ఎర్తింగ్ వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేయకూడదు. క్లాంప్‌ను వెల్డింగ్ చేస్తున్న వస్తువుకే, అతుకు దగ్గరలో తగిలించాలి. షెడ్డు స్తంభానికో, దూరంగా ఉన్న ఇనుప ముక్కకో తగిలిస్తే కరెంటు తనకు దొరికిన దారిలో పోతుంది. ట్రాక్టర్ మీద పని చేస్తే ముందుగా బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. లేదంటే ఆల్టర్నేటర్, బేరింగులు దెబ్బతినొచ్చు.

కళ్లలో ఇసుక పోసినట్టు..

ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. అప్పుడేమీ తెలియదు. 6 నుంచి 12 గంటల తర్వాత మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. ఎక్కువగా పట్టుకొచ్చేది హెల్పర్లకే. ముక్కను పట్టుకుని పక్కకు చూస్తే చాలు అనుకుంటారు. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు కూడా హాని చేస్తుంది.

కూలింగ్ గ్లాసులు దీనికి పనికిరావు. 60 నుంచి 160 ఆంపియర్ల పనికి సాధారణంగా 10వ నంబర్ షేడ్ అద్దం వాడాలి. హెల్పర్‌కూ ఒకటి ఇవ్వాలి. రోడ్డు వైపు తెర కడితే దారిన పోయే పిల్లలకూ రక్షణ. మంట వస్తే కంట్లో పాలు పోయడం, బంగాళదుంప ముక్కలు పెట్టడం వంటివి చేస్తే ఇన్ఫెక్షన్ రావొచ్చు. కళ్లు నలపకుండా డాక్టర్‌కు చూపించాలి. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

సాయంత్రానికి చలి జ్వరం

జీఐ పైపులకు ఉండే జింకు పూత కాలితే తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే కొన్ని గంటలకు వణుకు, జ్వరం, ఒళ్లు నొప్పులు. చాలామంది మలేరియా అనుకుంటారు. డాక్టర్‌కు ఏం పని చేశారో చెప్పడం ముఖ్యం. వెల్డింగ్ పడే చోట పూతను ముందే గీకేయాలి. గీకేటప్పుడూ మాస్క్ ఉండాలి. పొగ ముఖానికి కాకుండా పక్కకు పోయేలా కూర్చోవాలి. బెల్లం తింటే పొగ విరుగుతుందన్నది నమ్మకం మాత్రమే. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) 2017లోనే తేల్చింది.

వీటిని ముట్టుకోవద్దు

* డీజిల్ ట్యాంకులు, పాత డ్రమ్ములు: కడిగినా లోపల ఆవిరి మిగిలి ఉంటుంది. నిప్పు తగిలితే పేలిపోతుంది.
* టైరు ఉన్న రిమ్ము: గాలి తీసినా సరిపోదు. వేడికి రబ్బరు నుంచి మండే గ్యాస్ పుట్టి టైరు పేలుతుంది. టైరు పూర్తిగా ఊడదీశాకే వెల్డింగ్.
* రెండు వైపులా మూసిన పైపు: లోపలి గాలి వేడెక్కి చీలుతుంది. ముందు రంధ్రం ఉండాలి.

రవ్వ చిన్నదే.. కానీ!

2024 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా నందిగామలోని ఫార్మా కంపెనీలో భారీ అగ్నిప్రమాదం జరిగింది. వెల్డింగ్ రవ్వలే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. స్థానిక కుర్రాడొకరు తాడు సాయంతో లోపల చిక్కుకున్నవారిని కిందికి దించడం అందరికీ గుర్తుండే ఉంటుంది.

నిప్పురవ్వలు 10 మీటర్ల దాకా ఎగరగలవు. పత్తి, వరిగడ్డి, గోనె సంచుల్లో పడితే మంట కనిపించకుండా లోలోపల రాజుకుంటాయి. అందుకే పని అయ్యాక కనీసం అరగంట ఒకరు అక్కడే ఉండి గమనించాలి. నీళ్ల బకెట్, ఇసుక దగ్గరుంచుకోవాలి. కరెంటు ఆపకుండా మెషీన్ మీద నీళ్లు పోయొద్దు.

ఎవరికైనా షాక్ కొడితే?

ముందు మెయిన్ స్విచ్ ఆపండి. ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. స్విచ్ దూరంగా ఉంటే పొడి కర్రతో హోల్డర్‌ను పక్కకు నెట్టండి. ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించాలి. అగ్నిప్రమాదమైతే 101. ఈ రెండు నంబర్లూ, మెయిన్ స్విచ్ ఎక్కడుందో కూడా షాపులో చేరిన మొదటి రోజే హెల్పర్‌కు చెప్పాలి.