ఇసుకలో పూడితేనే బ్రతికే గడ్డి

మొక్కను మొదలంటా ఇసుకతో కప్పివేస్తే సాధారణంగా అది చచ్చిపోతుంది. ఆకులకు వెలుతురు అందదు. కాని ఉత్తర యూరపు సముద్రతీరాలలో ఇసుక దిబ్బలమీద పెరిగే మర్రం గడ్డి తీరు వేరు. దానిని ఏటేటా ఇసుక పూడ్చుతూ ఉండాలి. అది ఆగిపోతే గడ్డి క్షీణిస్తుంది. దీని శాస్త్రీయనామము అమ్మోఫిలా. గ్రీకుభాషలో దీనికి ‘ఇసుకను ప్రేమించేది’ అని అర్థం. పేరు పెట్టినవారు దాని స్వభావాన్ని బాగానే పసిగట్టారు.

స్కాట్లండు, డెన్మార్కు తీరాలలో వేసవి చల్లనిది, కొద్దికాలమే ఉంటుంది. చలికాలంలో మొక్క పెరుగుదల చాలా మందగిస్తుంది. తుఫానుగాలులు ఇసుకను తెచ్చి పోసేది ముఖ్యంగా అప్పుడే. వసంతం రాగానే, పూడిపోయిన గడ్డి తన భూగర్భకాండాన్ని నిటారుగా పైకి పంపుతుంది. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం సాగుతుంది. ఏడాదిలో సుమారు 1 మీటరు ఇసుక పడినా అది పైకి రాగలదు. క్రొత్త ఇసుకలో ఉన్న కణుపుల నుండి క్రొత్త వేళ్ళు పుడతాయి. అడుగున పాతవేళ్ళు క్రమంగా నశిస్తాయి. అంటే దిబ్బతోబాటు వేళ్ళ అంతస్తు కూడా పైకి జరుగుతూ ఉంటుందన్నమాట.

మరి ఇసుక పడకపోతే క్షీణించడమెందుకు? 1980ల చివర హాలండు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను పరీక్షించారు. గడ్డి పెరిగిన పాత ఇసుకను గామాకిరణాలతో శుద్ధిచేసి, అందులో మొక్కలు పెంచారు. శుద్ధిచేయని ఇసుకలోకన్న ఇవి బాగా పెరిగాయి. పాత ఇసుకలో వేళ్ళను పీడించే నులిపురుగులు, శిలీంధ్రాలు చేరి ఉండటమే దీనికి కారణం. సముద్రపుటొడ్డు నుండి గాలి తెచ్చే క్రొత్త ఇసుకలో ఈ శత్రువులు తక్కువ. శత్రువు చేరేలోగా వేరు పైఅంతస్తుకు వెళ్ళిపోతుంది! ఇదొక్కటే కారణమని మాత్రం చెప్పలేము.

ఈ గడ్డి ఆకులు గాలివేగాన్ని తగ్గించి ఇసుకను రాలుస్తాయి. వేళ్ళు, వాటితో చెలిమిచేసే కొన్ని శిలీంధ్రాల పోగులు ఆ రేణువులను పట్టి ఉంచుతాయి. ఈ పట్టు సడలితే ఏమవుతుందో స్కాట్లండులోని కల్బిన్ ప్రజలు చూశారు. ఇండ్ల కప్పులు నేయడానికి వారు ఈ గడ్డిని పీకుతూ వచ్చారు. 1694లో వచ్చిన పెనుగాలికి అక్కడి పొలాలు ఇసుకక్రింద పూడిపోయాయి. మరుసటి ఏడే, 1695లో, స్కాట్లండు పార్లమెంటు ఈ గడ్డిని పీకరాదని చట్టం చేసింది. కల్బిన్ జమీ నాశనమైన సంగతి ఆ చట్టంలోనే వ్రాసి ఉన్నది. చట్టానికి ఇసుక లొంగదు కదా. 20వ శతాబ్దంలో కొమ్మలు పరచి, పైన్ చెట్లు నాటిన తరువాతనే అది కుదుటపడింది.

హాలండులో మరొక చిత్రం జరిగింది. దిబ్బలను తరతరాలుగా కదలకుండా కట్టడిచేసినందువల్ల క్రొత్త ఇసుక లోపలికి రాకుండా పోయింది. అందుచేత 2013 ప్రాంతంలో హార్లెం నగరం సమీపాన, సముద్రంవైపు దిబ్బలలో గండ్లు కొట్టి, గాలికి మళ్ళీ దారి ఇచ్చారు.