పెట్టె మీది అంకె, పిక్క చుట్టూ టేపు

హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ మెట్రో దిగి నిమ్స్ ఆసుపత్రి వైపు నడిస్తే దారిలో మందుల షాపులు, సర్జికల్ సామాన్ల దుకాణాలు తగులుతాయి. ‘వెరికోస్ సాక్సులు’ కావాలంటే తీసిచ్చే పెట్టె మీద రెండు సంగతులుంటాయి. ఒకటి ఎస్, ఎం, ఎల్ అనే సైజు. రెండోది 20–30 లాంటి ఒత్తిడి అంకె. లిపిడీమా ఉన్నవాళ్లు ఒత్తిడి అంకె చూసే బేరం తేల్చేస్తుంటారు, అంకె ఎంత పెద్దదైతే గుణం అంత ఎక్కువని. నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది సైజు.

లిపిడీమాను 1940లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అలెన్, హైన్స్ వర్ణించారు. ఇది దాదాపు పూర్తిగా ఆడవాళ్ల సమస్య. రజస్వల అయ్యేటప్పుడో, కడుపుతో ఉన్నప్పుడో, నెలసరి ఆగిపోయే వయసులోనో మొదలవుతుంది. తుంటి నుంచి చీలమండ దాకా రెండు కాళ్లలోనూ ఇంచుమించు సమానంగా కొవ్వు పేరుకుంటుంది, పాదం మాత్రం మామూలుగానే ఉంటుంది. నొక్కితే నొప్పి. మంచం కోడు తగిలినా కమిలిపోతుంది. తిండి తగ్గిస్తే నడుము తగ్గుతుంది గానీ కాళ్లు అంతగా తగ్గవు. అందుకే జర్మనీ వైద్య మార్గదర్శకాలు బీఎంఐ ఒక్కదాన్నే నమ్మొద్దని, నడుము కొలతను ఎత్తుతో పోల్చి చూడమని చెబుతాయి.

మన దగ్గర లావెక్కిన కాలు కనిపిస్తే ముందు గుర్తొచ్చేది బోదకాలు. తెలంగాణలో దానికి లెక్కా ఉంది, పింఛనూ ఉంది: 2018లో నెలకు 1,000 రూపాయలు, 2019లో 2,016 చేశారు. బోదకాలు క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగు వల్ల వస్తుంది. ఎక్కువగా ఒక కాలు రెండోదానికంటే లావవుతుంది, పాదం కూడా ఉబ్బుతుంది. ఇంట్లోనే చూసుకోదగ్గ గుర్తు ఒకటుంది. కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పైకి లేపి చూడండి. లేవకపోతే లింఫు నీరు చేరిందని అనుమానించాలి. లిపిడీమాలో మామూలుగా లేస్తుంది. ఇది అనుమానానికి దారి చూపుతుందే తప్ప రోగ నిర్ధారణ డాక్టరు చేయాల్సిందే.

ఇక ఒత్తిడి. మేజోడు మీది అంకె బీపీ మిషన్ చూపించే కొలతే, పాదరసం మిల్లీమీటర్లు. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 80–90 దాకా ఉంటుంది. నడుస్తుంటే పిక్క కండరం రక్తాన్ని పైకి తోస్తుంది కాబట్టి 30 దాకా పడిపోతుంది. అమీర్‌పేట చీరల షాపుల్లో పొద్దంతా నిలబడే అమ్మాయిల కాళ్లు సాయంత్రానికి ఎందుకు లాగుతాయో ఈ రెండు అంకెలే చెబుతాయి. మేజోడు బయటి నుంచి అదిమి ఆ కండరానికి ఆసరా ఇస్తుంది.

ఒత్తిడిని బట్టి మేజోళ్లకు క్లాసులుంటాయి. జర్మన్ లెక్కలో క్లాస్ 1 అంటే 18–21, క్లాస్ 2 అంటే 23–32, క్లాస్ 3 అంటే 34–46. బ్రిటిష్ లెక్కలో క్లాస్ 2 అంటే 18–24 మాత్రమే. కాబట్టి ‘క్లాస్ 2 ఇవ్వండి’ అంటే చాలదు, అంకెలు అడగాలి. పైగా ఆ ఒత్తిడి చీలమండ దగ్గరిది. తొడ దగ్గరికి వచ్చేసరికి అందులో సగమో, అంతకంటే తక్కువో ఉంటుంది.

సైజు సంగతి ఇక్కడే తేలుతుంది. గుడ్డ బిగువు ఒకటే అయినా సన్నటి చోట ఒత్తిడి ఎక్కువ, లావు చోట తక్కువ పడుతుంది. ఉదాహరణకు చీలమండ 22 సెంటీమీటర్లు, పిక్క 46 ఉన్న కాలిని తీసుకోండి. పిక్కకు సరిపోయే సైజు కొంటే చీలమండ దగ్గర వదులు. చీలమండకు సరిపోయేది కొంటే మోకాలి కింద తాడు కట్టినట్టు కోసుకుపోతుంది. అలా కోసుకునే మేజోడు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఇలాంటి కాలికి వెనక కుట్టు ఉండే ఫ్లాట్ అల్లిక మేజోళ్లు కావాలి. పొద్దున్నే, వాపు ఎక్కకముందే, పాదం నుంచి తొడ దాకా ఏడెనిమిది చోట్ల టేపుతో చుట్టుకొలతలు తీసుకుని అల్లిస్తారు.

ఇవి కొవ్వును కరిగించవు. 2024 నాటి జర్మన్ మార్గదర్శకాల్లోనూ మేజోళ్ల ఉద్దేశం నొప్పి, కాళ్లు బరువెక్కిన భావన తగ్గించడమే. అందుకని ఫలితాన్ని టేపుతో చూడకూడదు. సాయంత్రం నొప్పి పదికి ఎంతో రాసుకుంటే తెలుస్తుంది. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు తాకుతుంటే 34–46 మేజోడు బీరువాలోనే ఉండిపోతుంది. నొప్పి తగ్గించే అతి తక్కువ అంకె ఏదో అది రోజూ వేసుకోవడం నయం.

తొడగడమే ఒక పని. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే గుడ్డ పట్టు దొరుకుతుంది. ముందు రోజు కొబ్బరినూనె రాసి ఉంటే కడిగేయాలి, నూనె సాగే దారాన్ని పాడుచేస్తుంది. పట్టీలు తీయాలి. మెట్టెలు తీయలేని వాళ్లకు వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం దొరుకుతుంది. నడుము దాకా వచ్చేది ఇండియన్ టాయిలెట్‌లో నరకమే, మోకాలి దాకా ఒకటి, పైన కేప్రీ ఒకటి అయితే నయం. రెండు జతలుంటే రోజుకొకటి ఉతుక్కోవచ్చు, చెమట పోవడమే కాదు, సాగిన దారం మళ్లీ బిగుస్తుంది. గోరువెచ్చటి నీళ్లు, నీడలో ఆరబెట్టడం. రోజూ వాడితే ఆరు నెలలకు పట్టు పోతుంది, కొత్తవి కొనాల్సిందే.

నీళ్లలో దిగినప్పుడు కాళ్లు తేలికపడ్డాయంటారు చాలామంది. అది భ్రమ కాదు. 30 సెంటీమీటర్ల లోతులో నీటి ఒత్తిడి 22, అంటే క్లాస్ 1 కంటే కాస్త ఎక్కువ. నడుము లోతులో నిలబడితే చీలమండ దగ్గర సుమారు 65 ఉంటుంది. ఏ మేజోడూ రోజంతా అంత ఒత్తిడి ఇవ్వకూడదు.

కాళ్ల ధమనులు మూసుకుపోయినవాళ్లు, చీలమండ దగ్గర బీపీ 60 కంటే తక్కువ ఉన్నవాళ్లు, తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్నవాళ్లు ఇవి వేసుకోకూడదు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లు నిమ్స్‌లోలాంటి వాస్కులర్ సర్జరీ విభాగంలో చూపించుకున్నాకే కొనాలి. వేసుకున్నాక వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసేయాలి. పడుకునేటప్పుడు ఎలాగూ తీసేస్తారు.