తెరుచుకోని డ్రైవు

పరీక్షల ముందు మా హాస్టల్లో ఏటా ఒక కంప్యూటరైనా మొరాయించడం ఆనవాయితీ. ఈసారి ఆ వంతు నా రూమ్మేటుది. మర్నాడు పొద్దున ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. రాత్రి పదింటికి లాప్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ రాదు. నీలం తెర వస్తుంది, మళ్ళీ మొదటికే వెళ్తుంది. రిపోర్టు అంతా అందులోనే ఉంది. ఇంకో కాపీ ఉందా అని మాత్రం అడక్కండి.

నా దగ్గర ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవు ఒకటుంది. తెలియని మిత్రుల కోసం ఒక మాట: లోపలి డిస్కులో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, పెన్‌డ్రైవు నుంచే లినక్సును నడిపించవచ్చు. దీన్నే లైవ్ సిస్టమ్ అంటారు. దానితో లాప్‌టాప్ బాగానే లేచింది, డిస్కూ కనిపించింది. తీరా క్లిక్ చేస్తే, తెరవడం కుదరదని మెసేజి! "అయిపోయిందిరా, డిస్కు పోయింది" అని మావాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

డిస్కు పోలేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఒకటుంది. మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగిపోదు. మన ప్రోగ్రాములను మూసి, తన కెర్నెల్ అనగా మూలభాగం ఏ స్థితిలో ఉందో ఒక ఫైల్లో రాసిపెట్టుకుని పడుకుంటుంది, మర్నాడు తొందరగా లేవడానికి. డ్రైవు తాలూకు లెక్కలు కూడా అందులోనే ఉంటాయి. ఈలోగా లినక్సు వచ్చి అదే డ్రైవులో ఏదైనా రాసిందనుకోండి. నిద్రలేచిన విండోస్ తన పాత లెక్కే నిజమనుకుంటుంది. ఖాతా మూయకుండా ఇంటికెళ్ళిన గుమాస్తా సీట్లో ఇంకొకడు కూర్చుని పద్దులు రాస్తే ఏమవుతుందో అదే అవుతుంది! విండోస్ మధ్యలో ఆగిపోయినా డ్రైవు మీద "శుభ్రంగా మూయలేదు" అనే గుర్తు మిగులుతుంది. అందుచేత లినక్సు దానిలో రాయడానికి ఒప్పుకోదు. ఒక్కోసారి తెరవడానికే ఒప్పుకోదు. అది మన మేలుకే.

విండోస్ లేచే స్థితిలో ఉంటే ఉపాయం సులువు. షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి, అది తిరిగి లేచేటప్పుడు పెన్‌డ్రైవుకు మళ్ళాలి. లేదా షిఫ్ట్ మీట నొక్కిపెట్టి షట్‌డౌన్ చేయాలి. అప్పుడు ఖాతా పూర్తిగా మూస్తుంది.

మా విండోస్ లేవదు గనుక ఆ దారి లేదు. అయితే మాకు కావలసింది రాయడం కాదు, చదవడం. టెర్మినల్లో మౌంట్ కమాండుకు రీడ్-ఓన్లీ ఆప్షను తగిలిస్తే డ్రైవు తెరుచుకుంటుంది. ఇలా చేస్తే లోపల ఏదీ చెడదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. నిద్ర ఫైలును చెరిపేసే ఆప్షను కూడా ఒకటుంది. ఎవరో చెప్పారని అది వాడితే డ్రైవు తెరుచుకోవచ్చు. కానీ విండోస్‌ను హైబర్నేట్ చేసి ఉంటే, అప్పుడు సేవ్ చేయకుండా వదిలేసిన పనంతా గంగలో కలుస్తుంది. ఎన్‌టి‌ఎఫ్‌ఎస్-ఫిక్స్ అనే కమాండు పేరు చూసీ మోసపోకండి. అది చేసే మరమ్మతు బహు స్వల్పం. అసలు మరమ్మతు విండోస్ వారి చెక్‌డిస్కుదే. డిస్కు కటకట చప్పుడు చేస్తూంటే మాత్రం ఈ ప్రయోగాలన్నీ మాని, ముందు దాన్ని మొత్తంగా ఇంకో డిస్కులోకి కాపీ తీయాలి.

డ్రైవు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే కథ వేరు. 48 అంకెల రికవరీ కీ లేనిదే ఎవరూ ఏమీ చేయలేరు. తాళం తాను వేయలేదని యజమాని ఒట్టేసినా నమ్మకండి. ఈమధ్య కొన్న లాప్‌టాపుల్లో, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదటిసారి లాగిన్ అయినప్పుడే అది తనంతట తానే పడి ఉండవచ్చు. అలాంటప్పుడు కీ సాధారణంగా ఆ అకౌంటులోనే దొరుకుతుంది, ఫోన్లో చూసుకోవచ్చు. మావాడి డ్రైవుకు ఆ తాళం లేదు, బతికిపోయాం.

తెరుచుకున్నాక యూజర్స్ అనే ఫోల్డరులో వాడి పేరు, అందులో డెస్క్‌టాప్. కాపీ చేసింది మాత్రం రెండో పెన్‌డ్రైవులోకి. లైవ్ సిస్టమ్ డెస్క్‌టాపు మీద పెట్టుకుంటే, మామూలుగా కంప్యూటరు ఆపగానే మాయమవుతుంది. రిపోర్టు "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ లాస్ట్" అని మూడు పేర్లతో కనిపించింది. మూడూ తీసుకున్నాం. వాటిలో ఏది నిజంగా ఫైనలో తేల్చేసరికి మెస్సులో టీ పెట్టే వేళయింది.